పాట ఊరు దాటే దారి

2018 చివర్లో పసల బేబి పాట ఫోన్లలో తిరగడం మొదలైంది. ఆమెది తూర్పు గోదావరి జిల్లా రంగంపేట మండలం వడిసలేరు. కూలి పనులు చేసుకుని బతికే మనిషి. పాడింది ‘ప్రేమికుడు’ సినిమాకు ఎ.ఆర్. రహమాన్ కట్టిన పాట. వాయిద్యం లేదు, మైకు లేదు. పక్కనున్నవాళ్లు సెల్‌ఫోన్‌లో తీశారు. ఆ వీడియో చేతులు మారుతూ సంగీత దర్శకుడు కోటి దాకా, చిరంజీవి దాకా వెళ్లింది. సంగీత దర్శకుడు రఘు కుంచె ఆమె చేత ఒక కొత్త పాట పాడించి రికార్డు చేశారు. 2020లో విడుదలైన ‘పలాస 1978’ సినిమాలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంతో కలిసి ఆమె గొంతు వినిపించింది.

వడిసలేరు మెట్ట ప్రాంతం. అక్కణ్ణించి అనపర్తి వైపుగా దక్షిణానికి దిగితే డెల్టా, కాలవలు, వరి చేలు, రాయవరం. ఈ దారి పొడుగునా పాడేవాళ్లకు కొదవ లేదు. రామాలయం భజనల్లో, చర్చి ఆరాధనల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ప్రతి ఊళ్లోనూ మంచి గొంతున్నవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లలో చాలామంది పాటలు నెట్‌లోనూ ఉన్నాయి. మరి ఒక పాట ఊరు దాటి, మిగతావి ఊళ్లోనే ఎందుకు ఆగిపోయాయి? ప్రతిభ అంటారు కొందరు, అదృష్టం అంటారు ఇంకొందరు. ఈ రెండింటినీ విడదీసి కొలవవచ్చని సామాజిక శాస్త్రవేత్తలు ఎప్పుడో చేసి చూపించారు. ఆ కొలతలు తెలిస్తే, సొంత ఖర్చుతో పాట చేసుకుని నెట్‌లో పెట్టే రాయవరం గాయకుడికి ఎక్కడ శ్రమ పెట్టాలో, ఎక్కడ ఆశ తగ్గించుకోవాలో తేటతెల్లమవుతుంది.

ఎనిమిది లోకాల ప్రయోగం

మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు చేసిన ప్రయోగం 2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పేరు తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు. 14,341 మంది వచ్చి విన్నారు. నచ్చిన పాటను ఉచితంగా దించుకోవచ్చు.

వచ్చినవాళ్లను పరిశోధకులు విడివిడి గుంపులుగా పంచారు. ఒక గుంపుకు పాటల పేర్లు, బ్యాండ్ల పేర్లు మాత్రమే కనిపిస్తాయి. అక్కడ ఎవరి చెవి వాళ్లదే. మిగతావాళ్లను ఎనిమిది ‘లోకాలు’గా విడగొట్టారు. ఈ లోకాల్లో ప్రతి పాట పక్కనా అప్పటిదాకా ఆ లోకంలో ఎందరు దించుకున్నారో అంకె కనిపిస్తుంది. ఒక లోకం సంగతి ఇంకో లోకానికి తెలియదు. అన్ని లోకాలూ సున్నా నుంచే మొదలయ్యాయి.

పాటలవే, వినేవాళ్లు ఒకే తరహావాళ్లు. నాణ్యతే అంతా నిర్ణయించేదైతే ఎనిమిది లోకాల్లోనూ ఒకే పాట గెలవాలి. అలా జరగలేదు. ‘52 మెట్రో’ అనే బ్యాండ్ పాట ఒకటి, ఎవరి చెవితో వాళ్లు విన్న గుంపులో నడిమధ్య, 26వ స్థానంలో ఉంది. అదే పాట ఒక లోకంలో మొదటి స్థానానికి ఎక్కింది, ఇంకో లోకంలో 40కి దిగిపోయింది. అంకెలు కనిపించే చోట గెలిచిన పాటకూ ఓడిన పాటకూ మధ్య దూరం పెరిగింది. పాటలను దించుకున్న సంఖ్య ప్రకారం వరసగా పేర్చి చూపిస్తే ఆ దూరం మరీ పెరిగింది.

కారణం మనకు తెలియనిది కాదు. తీర్థంలో జనం మూగిన జీళ్ల కొట్టు దగ్గరికే ఇంకా జనం వస్తారు. మొదట్లో ఎవరో నలుగురు యాదృచ్ఛికంగా ఒక పాటను ఎంచుకుంటారు. ఆ నాలుగు అంకె ఐదోవాణ్ణి లాగుతుంది. ఉన్నవాడికే మరింత చేరే ఈ తీరుకు సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే ‘మాథ్యూ ప్రభావం’ అని పేరు పెట్టాడు.

అయితే ఈ ప్రయోగంలో రెండో సగం ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. చెవి మెచ్చిన అతి మంచి పాటలు ఏ లోకంలోనూ సాధారణంగా అట్టడుక్కి పోలేదు. అతి నాసి పాటలు పైకి రావడం అరుదు. అదృష్టం ఆడుకున్నది మధ్యలో ఉన్న పెద్ద గుంపుతోనే. అంటే నాణ్యత అనేది గెలుపుకు హామీ కాదు, పోటీలో నిలబడటానికి అర్హత. ఆ అర్హత సంపాదించడం గాయకుడి చేతిలో పని. ఆ తర్వాతిది జనం చేతిలో ఉంది.

అంటువ్యాధిలా పాకుతుందా?

‘వైరల్’ అనే మాట వినగానే ఒకరి నుంచి ఇద్దరికి, ఇద్దరి నుంచి నలుగురికి పాకే జ్వరం గుర్తొస్తుంది. వాట్స్, మరికొందరు పరిశోధకులు ట్విట్టర్‌లో దాదాపు వంద కోట్ల పంపకాలను లెక్కగట్టి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఒకరు పెట్టిన లింకు చాలావరకు ముందుకు కదలనే కదలదు. కదిలిన కొద్దివాటిలో పెద్దవయ్యేవి ఎక్కువగా ఒక పెద్ద గొంతు వల్ల అవుతాయి. అంటే దారిలో ఎక్కడో లక్షల మంది చూసే ఒక మనిషి, ఒక పేజీ, ఒక టీవీ చానల్ అందుకోవడం వల్ల.

బేబి పాట నడిచిన దారిని దీనితో పోల్చి చూడండి. మొదట ఊరి ఫోన్లు. ఆ తర్వాత ఫేస్‌బుక్, వాట్సాప్. ఆ తర్వాత సినీ ప్రముఖులు, టీవీ చానళ్లు. జనం చేతుల మీదుగా కొంత దూరం వెళ్లాక పెద్ద గొంతులు అందుకున్నాయి. ఆ పెద్ద గొంతు దాకా చేర్చేది ఎవరు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

దీనికి సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఇచ్చిన జవాబు ఇప్పటికీ చెల్లుతుంది. కొత్త కబురు మనకు దగ్గరివాళ్ల కంటే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువ దూరం వెళుతుంది. దగ్గరివాళ్లందరికీ ఒకరినొకరు తెలుసు. వాళ్ల గ్రూపుల్లో పాట అక్కడక్కడే తిరుగుతుంది. ముఖపరిచయస్తుడు మనం చూడని ఇంకో గుంపులో ఉంటాడు. గోదావరి జిల్లాల వాసులకు ఇలాంటి దారులు పుష్కలం. అమలాపురం, రాజోలు వైపు నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. హైదరాబాద్‌లో చదివే పిల్లలు, మండపేటలో పెళ్లిళ్లకు సౌండ్ సిస్టమ్ పెట్టే కుర్రాడు, పాతికేళ్ల కింద ఊరు వదిలిన స్కూలు స్నేహితుడు, వీళ్లే పాటను కొత్త గుంపులోకి తీసుకెళ్లే వంతెనలు.

ఒక జాగ్రత్త చెప్పాలి. వీళ్లకు పాట ఫైలు పంపకండి, లింకు పంపండి. ఫైలు గ్రూపు నుంచి గ్రూపుకు వెళుతున్నకొద్దీ పాడినవాడి పేరు రాలిపోతుంది, శబ్దం అరిగిపోతుంది, ఎందరు విన్నారన్న లెక్క ఎక్కడా నమోదు కాదు. వేలమంది విన్న పాటకు యూట్యూబ్‌లో రెండు వందల వ్యూస్ కూడా ఉండకపోవడానికి తరచూ ఇదే కారణం.

యంత్రం ఏం చూస్తుంది?

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక డేటా చవకై, పాట వినే చోటు పల్లెల్లో కూడా ఫోన్‌కు మారింది. ఇప్పుడు మనం వినే పాటల్లో చాలా భాగం మనం వెతికినవి కావు, యాప్ మన ముందు పెట్టినవి. కాబట్టి ఆ యంత్రం ఎలా ఎంచుతుందో గాయకుడు తెలుసుకోవాలి.

యూట్యూబ్ ఇంజనీర్లు 2016లో ప్రచురించిన పత్రం ప్రకారం పని రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచెలో లక్షలాది వీడియోల నుంచి ఒక మనిషికి నప్పే కొన్ని వందల వీడియోలను ఏరుతుంది. రెండో అంచెలో వాటికి మార్కులు వేసి వరస పెడుతుంది. ఏరడానికి ఆధారం పాట కంటే ముందు వినేవాళ్లు. ‘నేను విన్న పాటలు విన్నవాళ్లు ఇంకేం విన్నారు?’ అన్నదే ఆ గణితంలోని మూల ప్రశ్న. కొత్త పాటకు ఈ ఆధారం ఉండదు. దీన్ని కంప్యూటర్ శాస్త్రంలో ‘కోల్డ్ స్టార్ట్’ సమస్య అంటారు. అందుకే కొత్త పాటకు మొదట వచ్చే కొద్దిమంది శ్రోతలే దాని జాతకం రాస్తారు.

ఇంకో సంగతి కూడా ముఖ్యం. 2012 నుంచి యూట్యూబ్ ఎన్నిసార్లు నొక్కారన్నదాని కంటే ఎంతసేపు చూశారన్నదానికి ఎక్కువ విలువ ఇస్తోంది. స్పాటిఫైలోనూ 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్ కింద లెక్క.

చిన్న లెక్క వేద్దాం. నాలుగు నిమిషాల పాట. ఒక గాయని లింకును కనిపించిన ప్రతి గ్రూపులోనూ పెట్టింది. 200 మంది నొక్కారు. 160 మంది మొహమాటానికి నొక్కి 10 సెకన్లలో వెళ్లిపోయారు, 40 మంది చివరిదాకా విన్నారు. సగటు 56 సెకన్లు. ఇంకో గాయని జానపదం ఇష్టపడేవాళ్లను చూసుకుని పంపింది. 50 మందే నొక్కారు. 10 మంది 10 సెకన్లలో వెళ్లారు, 40 మంది చివరిదాకా విన్నారు. సగటు 194 సెకన్లు, అంటే మూడు నిమిషాల పైన. ఇద్దరికీ నిజమైన శ్రోతలు 40 మందే. కానీ యంత్రం కళ్లకు మొదటి పాట జనం వదిలేసి వెళ్లే పాట, రెండోది కూర్చోబెట్టే పాట. అసలు వ్యవస్థ ఇంత సూటి సగటుతో నడవదు, వందల సంకేతాలను కలుపుతుంది. అయినా లెక్క దిశ మాత్రం ఇదే.

డబ్బిచ్చి వ్యూస్ కొనడం ఎందుకు నష్టమో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. కొన్న వ్యూస్ వినవు. పైగా వాటి తీరు పట్టుబడుతుంది. దొంగ స్ట్రీములు బాగా ఎక్కువగా తేలిన పాటలపై 2024 నుంచి స్పాటిఫై, ఆ పాటను యాప్‌కు చేర్చిన డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా వేస్తోంది. వ్యూస్ కొనే డబ్బుతో మంచి మైకు కొనుక్కోవడం వెయ్యి రెట్లు మేలు.

గొంతు, గది, ఫోను

మొదటి కొన్ని సెకన్లలో శ్రోత ఆగాలంటే గొంతు స్పష్టంగా వినిపించాలి. దీనికి ఖరీదైన స్టూడియో తప్పనిసరి కాదు, కొంత భౌతికశాస్త్రం చాలు.

శబ్దం మూలం నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ దాని స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. మైకుకు జానెడు దూరంలో పాడే మనిషి నాలుగు జానల దూరానికి జరిగితే గొంతు 12 డెసిబెల్స్ తగ్గుతుంది. ఫ్యాను మోత, వీధిలో బైకు చప్పుడు, గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం తగ్గవు. శ్రోతకు ‘దూరంగా, బావిలోంచి పాడినట్టు’ అనిపించేది అందుకే. శ్లాబు ఇంట్లో ఖాళీ గది రికార్డింగుకు పరమ శత్రువు. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి, పక్కన దుప్పట్లు, బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపి, ఊరు సద్దుమణిగాక జానెడు దూరంలో మైకు పెట్టుకుంటే చాలావరకు గొంతే మిగులుతుంది. ఊపిరి దెబ్బ తగలకుండా మైకును నోటికి నేరుగా కాక కాస్త పక్కగా పెట్టాలి.

తర్వాత పాటను ఫోన్ స్పీకర్‌లోనే విని సరిచూసుకోవాలి. చిన్న స్పీకర్ తక్కువ పౌనఃపున్యాలను దాదాపు పలకదు. స్టూడియోలో గుండెల్ని తాకిన డోలక్ గుమ్కీ ఫోన్‌లో మాయమవుతుంది. మనిషి చెవికి అత్యంత సున్నితమైన ప్రాంతం సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య ఉంది. మాటల్లోని హల్లులు విస్పష్టంగా వినిపించేది ఎక్కువగా అక్కడే. ఆ ప్రాంతంలో కీబోర్డు, గిటారు గొంతును కమ్మేయకుండా చూసుకుంటే సాహిత్యం అర్థమవుతుంది.

శబ్దాన్ని విపరీతంగా పెంచి పెట్టడం వల్ల లాభం లేదు. యూట్యూబ్, స్పాటిఫై లాంటివి పాటల గట్టిదనాన్ని కొలిచి సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే స్థాయికి తెస్తాయి. అంతకంటే గట్టిగా చేసిన పాటను తగ్గిస్తాయి. ఒత్తిడికి నలిగిన శబ్దం మాత్రం నలిగినట్టే మిగులుతుంది.

అదృష్టం వచ్చేనాటికి పాటకు చిరునామా

‘బుల్లెట్టు బండి’ పాట 2021 ఏప్రిల్‌లో విడుదలైంది. పాడింది ఏలూరుకు చెందిన మోహన భోగరాజు. సినిమా పాట కాదు, మనవాళ్లు ప్రైవేట్ సాంగ్ అనే తరహా. నాలుగు నెలల తర్వాత, ఆగస్టులో, మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు ఊరేగింపులో ఆ పాటకు నాట్యం చేసిన వీడియో వచ్చింది. అప్పుడు పాట తెలుగు నేలంతా మోగింది. ఆ వీడియోను పాట చేసినవాళ్లు పథకం వేసి తీయించలేదు. వాళ్లు ముందే చేసిపెట్టిన పని ఒక్కటే. వెతికినవాళ్లకు పాట దొరికే చోట, పాడినవాళ్ల పేర్లతో, సొంత చానల్‌లో ఉంది. గాలి వీచినప్పుడు ఫలితం వాళ్లకే చేరింది.

బేబి తొలి వీడియో పరిస్థితి వేరు. గొంతు ఆమెది, పాట సినిమాది. ఎవరి పాటనో పాడిన వీడియోకు పేరొస్తుంది కానీ పాట మీద హక్కు రాదు. యూట్యూబ్ 2007 నుంచి ‘కంటెంట్ ఐడీ’ అనే వ్యవస్థ నడుపుతోంది. అది ప్రతి శబ్దానికీ వేలిముద్ర తీసి పోల్చుతుంది. ఇలాంటి వేలిముద్ర ఎలా తీయవచ్చో షజామ్ కోసం ఏవరీ వాంగ్ 2003లో రాసిన పత్రం చక్కగా వివరించింది. శబ్దాన్ని కాలం, పౌనఃపున్యం అనే రెండు గీతల మీద పటంలా గీస్తారు. అందులో అతి ప్రకాశవంతమైన చుక్కలను మాత్రం ఉంచుకుని, చుక్కకూ చుక్కకూ ఉన్న దూరాలను గుర్తుగా దాచుకుంటారు. చుట్టూ గోల ఉన్నా ఆ చుక్కలు చాలావరకు చెరిగిపోవు. యూట్యూబ్ వ్యవస్థ బాణీని కూడా పోల్చగలదు. అందుకే కవర్ పాట మీద వచ్చే ఆదాయం తరచూ అసలు హక్కుదారుకు వెళుతుంది. నెట్‌లో దొరికిన కరోకే ట్రాక్ మీద పాడినా ఇదే చిక్కు.

కాబట్టి కవర్ పాటలు గొంతును పరిచయం చేయడానికి వాడుకోవాలి, పంట మాత్రం సొంత పాటల్లోనే పండించాలి. సొంత పాటకు మూడు పనులు తప్పవు. మొదటిది, సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, రికార్డింగు యజమాని ఎవరు అన్నది విడుదలకు ముందే కాగితం మీద రాసుకుని సంతకాలు చేయడం. స్నేహితుల మధ్య ఇదెందుకని అనిపించినా స్నేహాన్ని కాపాడేది ఆ కాగితమే. రెండోది, డిస్ట్రిబ్యూటర్ ద్వారా పాటకు ఐఎస్‌ఆర్‌సీ తీసుకోవడం. ప్రపంచంలో ఆ ఒక్క రికార్డింగుకే చెందే 12 అక్షరాంకెల గుర్తు అది. మూడోది, గీత రచయితలు, స్వరకర్తలు ఐపీఆర్ఎస్‌లో సభ్యులుగా చేరడం. 1969లో ఏర్పడిన ఆ సంఘం రాయల్టీలు వసూలు చేసి పంచుతుంది. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ, రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీలో వాటాను వదులుకోలేని హక్కుగా చేసింది. ఈ మాట పల్లెల్లోని ప్రతి కవికీ తెలియాలి.

పాడేవాళ్ల పేరు అన్ని చోట్లా ఒకే స్పెల్లింగుతో ఉండాలి. ఒక చోట ఇంటిపేరుతో, ఒక చోట ముద్దుపేరుతో పెడితే యంత్రం ఇద్దరు మనుషులనుకుంటుంది.

ఒక్క యాప్‌నే నమ్ముకోవడం ప్రమాదం. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. కష్టపడి కూడగట్టుకున్న అభిమానులు చాలామందికి ఒక్క రోజులో దూరమయ్యారు. ఆ ఖాళీలోకి జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. యాప్‌లు వస్తాయి, పోతాయి. నిజంగా మన పాట కోసం ఎదురుచూసే శ్రోతలతో నేరుగా మాట్లాడే దారి, కనీసం ఒక వాట్సాప్ చానల్ అయినా, మన చేతిలో ఉండాలి.

రాయవరం లెక్క

ఆదాయం గురించి నిజం చెప్పుకోవాలి. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకు రాయల్టీ లేదు. చిన్న గాయకుడికి ఇవి తేలిక కాదు. స్ట్రీముల డబ్బుతో ఇల్లు గడవదు. నెట్‌లో పాట పెళ్లి కచేరీకి, తీర్థంలో కార్యక్రమానికి, స్టూడియో అవకాశానికి పిలుపు తెస్తుంది. ఎక్కువమందికి బతుకుతెరువు అక్కడే ఉంది.

అదృష్టం పాత్ర ఉన్న చోట గణితం ఇచ్చే సలహా ఒకటే, ప్రయత్నాల సంఖ్య పెంచమని. ఒక పాట పెద్దగా అందుకునే అవకాశం నూటికి ఒకటి అనుకుందాం. పది పాటలు చేస్తే కనీసం ఒకటి అందుకునే అవకాశం నూటికి దాదాపు పది. యాభై చేస్తే నూటికి దాదాపు నలభై. కాబట్టి ఉన్న డబ్బంతా ఒకే పాట వీడియో మీద కుమ్మరించడం కంటే, అదే డబ్బుతో నాణ్యత తగ్గని పాటలు వరసగా తేవడం మేలు. ప్రతి పాటా కొత్తవాళ్లను తెస్తుంది, వచ్చినవాళ్లు పాత పాటలు కూడా వింటారు.

ఎప్పుడు విడుదల చేయాలో కూడా ఆలోచించాలి. అనంతపురం జిల్లా తండా నుంచి వచ్చిన గాయని మంగ్లీ, మైక్ టీవీ అనే వెబ్ చానల్ కోసం బతుకమ్మకు, బోనాలకు, తెలంగాణ ఆవిర్భావ దినానికి పాడిన పాటలతో ఇంటింటి పేరయ్యారు. పండగ పాటకు వినేవాళ్లు ముందే సిద్ధంగా ఉంటారు, ఏటా మళ్లీ వస్తారు. మన ప్రాంతానికీ అలాంటి రోజులున్నాయి. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం 2023 గణతంత్ర దినోత్సవ పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వీధుల్లో నడిచింది. సంక్రాంతి గొబ్బిళ్లు, అట్లతద్ది, అంతర్వేది తీర్థం, మాఘమాసపు పెళ్లిళ్లు, వీటన్నిటికీ కొత్త పాట కావాలి. గోదావరి యాసలో, ఈ కాలవల మీద, ఈ చేల మీద, గల్ఫ్‌లో ఉన్న తమ్ముడి మీద రాసిన పాటకు ముంబైలోనో హైదరాబాద్‌లోనో కూర్చున్న ఏ కంపెనీ పోటీ రాలేదు. పసలపూడి రాయవరం మండలంలోని ఊరే. ఆ ఊరి మనుషులను కథలుగా రాసి సినీ దర్శకుడు వంశీ తెలుగువాళ్లందరికీ పరిచయం చేశాడు. ఊరిని దాచకుండా ఊరిపేరుతోనే రాశాడు. పాటకూ ఆ దారి తెరిచే ఉంది.

2008లో కెవిన్ కెల్లీ అనే రచయిత, ఒక కళాకారుడు నిలబడటానికి కోటిమంది అక్కర్లేదని, ఏం చేసినా ఆదరించే వెయ్యిమంది చాలని వాదించాడు. ఆ వెయ్యి అనే అంకె అందరికీ సరిపోకపోవచ్చు. ఆలోచన మాత్రం రాయవరం గాయకులకు సరిగ్గా సరిపోతుంది. వెయ్యిమందిని ఒక్కొక్కరినీ సంపాదించుకోవచ్చు, ఎవరి దయా అక్కర్లేదు. పాట బాగా చేయండి, హక్కు రాయించుకోండి, తగినవాళ్లకు లింకు పంపండి, విన్నవాళ్లకు జవాబివ్వండి, వెంటనే తర్వాతి పాట మొదలుపెట్టండి. ఈ పనుల్లో ఏ ఒక్కటీ అదృష్టం మీద ఆధారపడదు. అదృష్టం కూడా ఎక్కువగా ఈ పనులు చేసినవాళ్లకే అక్కరకు వస్తుంది.